బోటు ఇంజనుకి పెట్రోల్ అందట్లేదా? ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టండి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంజన్లు ఇంటి వసారాలోనో, షెడ్డులో గోనె సంచి కిందో పడి ఉంటాయి. జూన్ 15 తెల్లవారుజామున తాడు లాగితే చాలా ఇంజన్లు మంచిగానే అందుకుంటాయి. పది నిమిషాలు నడుస్తాయి. సరిగ్గా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడు, అలలు విరిగే దగ్గర, ఒకటి రెండుసార్లు దగ్గి ఆగిపోతాయి. ఇంజను ఆగడానికి అంతకంటే చెడ్డ చోటు ఉండదు.

అలాంటి చోటే నాకూ ఒకసారి ఇంజను ఆగింది. పెట్రోల్ అందట్లేదని అర్థమైంది గానీ, వెంటనే కార్బురేటర్ మీద చెయ్యి వేశాను. ఊగుతున్న బోటులో దాని అడుగు గిన్నె విప్పితే జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) జారి అడుగు నీళ్లలో పడిపోయింది. వేరే బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డుకొచ్చి చూస్తే, ట్యాంకు మూత మీద గాలి స్క్రూ బిగించే ఉంది. ముందురోజు ట్యాంకు మోసుకొచ్చేటప్పుడు ఒలకకుండా బిగించి, తిరిగి విప్పడం మర్చిపోయాం. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి: ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి, పెట్రోల్ నడిచే దారిలోనే నడుచుకుంటూ ఇంజను దాకా రావాలి. కార్బురేటర్ అన్నిటికంటే చివర.

ఇక్కడ రాసేది విడి ట్యాంకు, రబ్బరు పైపు, కార్బురేటర్ ఉన్న చిన్న టూ స్ట్రోక్ ఇంజన్ల గురించి. 8 నుంచి 15 హెచ్‌పీ దాకా మన ఫైబర్ బోట్లకి తగిలించేవి ఇవే. ఫోర్ స్ట్రోక్ అయినా ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా కథ ఒకటే. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజనైతే ఫిల్టర్ దాటాక చెయ్యి పెట్టకండి. అక్కడ పైపుల్లో ఒత్తిడి ఎక్కువ, అది మెకానిక్ పని.

ముందు జాగ్రత్తలు

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోదు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. అందుకని ట్యాంకుని బోటులో ఉంచి నింపకండి, ఒడ్డున నేల మీద పెట్టి నింపండి. బీడీ, అగ్గిపెట్టె దూరంగా ఉండాలి. పైపు ఊడదీసేటప్పుడు కింద ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోండి. ఆ పని జరిగినంతసేపూ కిల్ స్విచ్ (ఇంజనుని ఆపే స్విచ్) తాడు తీసి జేబులో వేసుకోండి. ఒడ్డున ఇంజను తిప్పి చూడాలంటే నీళ్ల డ్రమ్ములో దించి తిప్పండి, దానికి ముందు ఫ్యాను (నీళ్లలో తిరిగే రెక్కలు) విప్పేయండి. నీళ్లు లేకుండా తిప్పితే కింద వాటర్ పంపు ఇంపెల్లర్ కొద్ది సేపట్లోనే మాడిపోతుంది.

ఇది పెట్రోల్ జబ్బేనా?

ఇంజను ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆగితే కాయిల్, కిల్ స్విచ్, వైర్ల వైపు చూడాలి. పెట్రోల్ చాలక ఆగేది అలా ఆగదు. ముందు బలం తగ్గుతుంది, హోరు పైకీ కిందికీ ఊగుతుంది, దగ్గుతుంది, ఆ తర్వాత పడుకుంటుంది. ఆగబోయే ముందు చోక్ కొంచెం లాగితే ఒక్క క్షణం పుంజుకుంటే అనుమానం అక్కర్లేదు, ఇంజనుకి పెట్రోల్ తక్కువైంది.

ఆగిపోయాక ప్లగ్గు విప్పి చూడండి. పది సార్లు తాడు లాగిన తర్వాత కూడా ప్లగ్గు ఎండుగా ఉంటే పెట్రోల్ పైకి రావట్లేదు. తడిసి ముద్దయి ఉంటే పెట్రోల్ వస్తోంది. అయితే ఎక్కువైనా వస్తోంది, లేదా స్పార్క్ లేక కాలట్లేదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి వెళుతుంది. పెట్రోల్ తగ్గిందంటే పిస్టన్‌కి ఆయిలూ తగ్గినట్టే. ఆకలితో దగ్గుతున్న ఇంజనుని ఫుల్ రేజ్‌లో లాగిస్తే పిస్టన్ పట్టేస్తుంది. వంద రూపాయల ఓ రింగ్ (రబ్బరు చుట్ట) మారిస్తే పోయేది, ఇంజను బోరు పని దాకా వెళుతుంది. దగ్గు వినగానే రేజ్ తగ్గించండి.

ట్యాంకు

మూత మీద గాలి స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేయండి. మూత విప్పగానే బుస్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. పెట్రోల్ బయటికి పోయిన మేరకి గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల ఖాళీ ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోల్ కదలదు. స్క్రూ విప్పే ఉన్నా, ఆ సన్న రంధ్రంలో ఉప్పు గడ్డకట్టి మూసుకుపోవచ్చు. అనుమానం తీరాలంటే మూతని పూర్తిగా వదులు చేసి ఇంజను నడిపి చూడండి. సాఫీగా నడిస్తే మూత శుభ్రం చేయడంతో మీ పని అయిపోయింది.

మూత బాగుంటే ట్యాంకు లోపలికి దిగే పీల్చుడు గొట్టం బయటికి తీయండి. దాని అడుగున సన్న జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు, గుడ్డ పీచు, పాత ఆయిల్ జిగురు అక్కడే పట్టుకుంటాయి. పెట్రోల్‌తో కడిగి, ఊది, తిరిగి పెట్టండి. మా తీరంలో బంకు నుంచి డబ్బాల్లో తెచ్చి పోసుకుంటాం కదా, డబ్బా మూత కింద పెట్టిన పాలిథిన్ కవరు ముక్క ఒకటి ట్యాంకులో పడి జాలీకి అతుక్కుని ఉండటం నేను చూశాను. ఇంజను ఆగితే ఆ ముక్క జారిపోతుంది, నడిపితే మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. రెండు రోజులు ఎవరికీ అంతుపట్టలేదు.

రబ్బరు బల్బు చెప్పేది వినండి

పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బు పెట్రోల్ ఎక్కించడానికే అనుకుంటారు. అంతకంటే, జబ్బు ఎక్కడుందో చెప్పేది అదే. నాడి చూసినట్టు దాన్ని అరచేతిలో పట్టుకుని చూడాలి.

బల్బు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. నొక్కేటప్పుడు బల్బుని నిలువుగా, బాణం పైకి ఉండేలా పట్టుకోండి. లోపల రెండు చివర్లా ఒకవైపే తెరుచుకునే వాల్వులు ఉంటాయి, నిలువుగా పడితే అవి సరిగ్గా కూర్చుంటాయి. ఇప్పుడు నిదానంగా నొక్కండి. మొదటి నొక్కులకి మెత్తగా, గాలి నిండినట్టు ఉంటుంది. ఆరేడు నొక్కులకి లోపల పెట్రోల్ కదిలిన బరువు వేళ్లకి తెలుస్తుంది. ఆ తర్వాత గట్టిపడి, ఇక నొక్కినా లొంగదు. ఆరోగ్యంగా ఉన్న బల్బు ఇలా ఉంటుంది. అలా గట్టిపడ్డాక ఆపేయండి, ఇంకా నొక్కితే ఇంజనుని పెట్రోల్‌తో ముంచేస్తారు.

నొక్కిన బల్బు తిరిగి ఉబ్బకుండా చప్పిడిగా అతుక్కుపోయి ఉండిపోతే, అడ్డం ట్యాంకు వైపు ఉంది. గాలి స్క్రూ, జాలీ, ట్యాంకు దగ్గరి కనెక్టర్, లేదా బల్బుకి ముందున్న పైపు. ఇంజను నడుస్తుండగా బల్బు తనంతట తానే లోపలికి పీల్చుకుపోయినా ఇదే అర్థం.

ఎంతసేపు నొక్కినా గట్టిపడకుండా మెత్తగానే ఉంటే మూడు దారులు ఉన్నాయి. ఎక్కడో గాలి లాగుతోంది. లేదా బల్బు లోపలి వాల్వు పోయి, నొక్కిన పెట్రోల్ వెనక్కి ట్యాంకులోకే పోతోంది. లేదా కార్బురేటర్‌లో పెట్రోల్ రాకని ఆపే నీడిల్ మూసుకోక పెట్రోల్ పొంగిపోతోంది. మూడోదైతే ఇంజను కింద పెట్రోల్ కారుతూ కనబడుతుంది, వాసన కొడుతుంది.

బల్బు రాయిలా గట్టిగా ఉంది, అయినా ఇంజనుకి పెట్రోల్ లేదంటే అడ్డం ఇంజను వైపు. కనెక్టర్, ఫిల్టర్, లేదా నీడిల్ మూసుకుని అతుక్కుపోయింది.

ఇంజను ఆగబోతుంటే మీరు బల్బు నొక్కారు, నొక్కుతున్నంతసేపూ నడిచింది, ఆపగానే పడుకుంది. అప్పుడు ఇంజను మీది పంపు బలహీనపడింది, లేదా పంపుకి ముందు గాలి లాగుతోంది. మీ చెయ్యి పంపు పని చేస్తోందన్న మాట.

పక్క బోటు ట్యాంకు అడగండి

ఇంత చూశాక కూడా తేలకపోతే, అదే కంపెనీ కనెక్టర్ ఉన్న బోటు నుంచి ట్యాంకూ పైపూ కలిపి అరువు తెచ్చుకుని మీ ఇంజనుకి తగిలించండి. పది నిమిషాలు బాగా నడిస్తే మీ ఇంజనులో ఏ లోపమూ లేదు, జబ్బు మీ ట్యాంకు, పైపుల్లోనే ఉంది. అప్పటికీ దగ్గితే ట్యాంకునీ పైపునీ మర్చిపోయి ఇంజను మూత తీయండి. ఇంత చిన్న పని వెతుకులాటని సగానికి సగం తగ్గిస్తుంది. మెకానిక్ షెడ్డుకి మోసుకెళ్లే ముందు ఇది తప్పకుండా చేయమని నేను అందరికీ చెబుతాను.

పైపు, కనెక్టర్లు

పైపులో పగులు ఉంటే పెట్రోల్ కారాలి కదా, కారట్లేదు కాబట్టి బాగుందనుకుంటారు. పంపు లాగేటప్పుడు పైపులో ఉండేది ఒత్తిడి కాదు, పీల్పు. సన్న పగులు నుంచి పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కంటికి కనబడదు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు పారదర్శకమైన పెట్రోల్ పైపు ముక్క తాత్కాలికంగా పెట్టి నడపండి. బుడగలు గొలుసుగా పరిగెడితే గాలి లాగుతున్నట్టే. పరీక్ష అయ్యాక ఆ ముక్క తీసేయండి.

గాలి ఎక్కువగా దూరేది కనెక్టర్ల లోపలి చిన్న రబ్బరు ఓ రింగ్ దగ్గర. పిన్నుతో నెమ్మదిగా బయటికి తీసి వేళ్ల మధ్య సాగదీయండి. బాగున్న రింగ్ సాగి వెనక్కి వస్తుంది. పాతది గట్టిపడి, ఒకవైపు నొక్కుకుపోయి, సన్న గీతలు పడి ఉంటుంది. వెంటనే మార్చండి. రెండు చివర్లా బైండింగ్ వైరు చుట్టి ఉంటే అదీ తీసేయండి, వైరు రబ్బరుని ఒకచోట కోసి ఇంకోచోట వదులుగా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులు వేయండి. పైపుని మడిచి చూస్తే పైన పగుళ్లు కనబడినా, లోపలి పొర ఊడి ముక్కలు వస్తున్నా మొత్తం పైపు మార్చడమే మంచిది.

పెట్రోల్‌ని సీసాలో చూడండి

దీని మీద మనవాళ్లు చాలినంత దృష్టి పెట్టట్లేదని నా బాధ. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ తెల్లటి గాజు సీసాలో తీసి, కదపకుండా పావుగంట ఉంచి, వెలుతురుకి పట్టి చూడండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా, మధ్యలో గీత గీసినట్టు కనబడతాయి. పొగమంచులా మసకగా ఉన్నా నీళ్లు కలిసినట్టే.

ఇప్పుడు ఈ బెడద పెరగడానికి కారణం ఉంది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది అదే. ఇథనాల్ నీళ్లని పట్టుకుంటుంది. సముద్రపు గాలిలో తేమ, అలల తుంపర, సగం ఖాళీ ట్యాంకులో రాత్రి పట్టే చెమ్మ, అన్నీ దానిలో కలుస్తాయి. కొంత దాకా కలిసే ఉంటుంది. ఆ హద్దు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున చేరతాయి. మనం కలిపిన టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ ఆ అడుగు పొరతో కలవదు, పై పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. పీల్చుడు గొట్టం ఉండేది అడుగునే. అంటే ఇంజను ముందుగా తాగేది ఆయిల్ లేని నీళ్ల మందు.

విడిపోయిన పెట్రోల్‌ని కుదిపి మళ్లీ కలపాలని చూడకండి. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి, కొత్త పెట్రోల్ పోయండి. వేట లేని రెండు నెలలు నిల్వ ఉన్న పెట్రోల్‌తో జూన్‌లో సముద్రం మీదికి వెళ్లకండి. పాత రబ్బరు పైపులకీ, పాత డయాఫ్రమ్‌లకీ కూడా ఇథనాల్ పడదు, మెత్తబడి ఉబ్బుతాయి. ఇథనాల్ తట్టుకుంటుందని చూసుకుని కొనండి.

ఆయిల్ కలిపే లెక్క మీ ఇంజను పుస్తకంలో ఉన్నదే పాటించండి. 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 24 లీటర్ల ట్యాంకుకి 480. కిరోసిన్ మీద నడిచే ఇంజన్లకి లెక్క వేరు. వాటిని పెట్రోల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి, ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కి తేవాలి. కార్బురేటర్‌లో కిరోసిన్ మిగిలిపోతే మర్నాడు చల్లటి ఇంజను అందుకోదు. అది పెట్రోల్ జబ్బులాగే కనబడుతుంది.

ఇంజను మీది ఫిల్టర్, పంపు

ఫిల్టర్ గిన్నె పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చూస్తేనే తెలుస్తుంది. అడుగున నీటి బొట్లు, గోధుమరంగు మడ్డి ఉంటే విప్పి కడిగి, జాలీ చిరిగితే మార్చి, ఓ రింగ్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించండి. అంతకు మించి దీంట్లో ఏమీ లేదు.

పంపు సంగతి కొంచెం ఓపికగా చూడాలి. టూ స్ట్రోక్‌లో పంపుని నడిపేది క్రాంక్ కేసు (పిస్టన్ కింది గది) లోని గాలి కొట్టుకోవడం. ఆ కొట్టుకి ఒక పల్చటి పొర, అదే డయాఫ్రమ్, ముందుకీ వెనక్కీ ఆడి పెట్రోల్‌ని నెడుతుంది. పరీక్షకి కార్బురేటర్‌కి వెళ్లే పైపు ఊడదీసి సీసాలో పెట్టండి. కిల్ స్విచ్ తాడు తీసే ఉండాలి, ప్లగ్గులు వాటి చోట్లలో బిగించే ఉండాలి. బల్బు నొక్కకుండా తాడు లాగండి. లాగినప్పుడల్లా పెట్రోల్ చిమ్మినట్టు రావాలి. బొట్లు బొట్లుగా వస్తే పంపు విప్పాలి.

విప్పేటప్పుడు ప్రతి పొరకీ, దూరంగా నిలబడ్డ ఇంకొకరి చేత ఫోనులో ఫొటో తీయించుకోండి. గ్యాస్కెట్లు తిరగేసి పెడితే పంపు అసలు పనిచేయదు. డయాఫ్రమ్‌ని ఆకాశం వెలుతురుకి పట్టి చూడండి. సూదిమొనంత వెలుగు కనబడినా, వేలికి అట్టముక్కలా గట్టిగా తగిలినా రిపేర్ కిట్ మార్చాల్సిందే. చిరిగిన డయాఫ్రమ్‌తో ఇంకో చిక్కు ఉంది: పెట్రోల్ నేరుగా క్రాంక్ కేసులోకి పోయి, ప్లగ్గులు తడిసి, పొగ విపరీతంగా వస్తుంది. పెట్రోల్ ఎక్కువైందని చోక్, కార్బురేటర్ చుట్టూ తిరుగుతారు, లోపం పంపులో ఉంటుంది.

ఇక కార్బురేటర్

దాన్ని విప్పక ముందే కొన్ని గుర్తులు చూసుకోవాలి. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగిపోయి, రేజ్ ఇస్తే బాగుంటే పైలట్ జెట్ మూసుకుంది. స్లో బాగుండి, రేజ్ ఇస్తే బలం రాకపోతే మెయిన్ జెట్. చోక్ లాగి ఉంచితేనే నడుస్తుంటే రెండూ మురికి పట్టాయి. పెట్రోల్ పొంగుతుంటే ఫ్లోట్ (గిన్నెలో పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని మూసేది) లేదా నీడిల్.

గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, లోపలిది చిన్న గ్లాసులో పట్టండి. చాలాసార్లు నీళ్లో మడ్డో దీంతోనే బయటికి వచ్చి, విప్పే పని తప్పుతుంది. తప్పకపోతే ఒడ్డున, తెల్ల గుడ్డ పరుచుకుని, పళ్లెంలో విప్పండి. పైలట్ స్క్రూ తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి అన్ని చుట్లే విప్పి పెట్టాలి.

జెట్‌లోంచి ఆకాశం చూడండి. శుభ్రమైన జెట్‌లో గుండ్రటి వెలుగు చుక్క కనబడుతుంది. జిగురు పట్టిన దాంట్లో ఆ చుక్క చంద్రవంకలా ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఇనుప తీగ, గుండుసూది పెట్టి పొడవకండి. జెట్ ఇత్తడిది, రంధ్రం ఒక్క వెంట్రుకవాసి పెరిగినా పెట్రోల్ లెక్క తప్పిపోతుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, సన్నటి వల నైలాన్ దారం దూర్చి, గాలి కొట్టండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, ఆ మందు చిమ్మి కంట్లో పడుతుంది.

నీడిల్ మొనని గోరుతో తడమండి. చుట్టూ గాడి తగిలితే అది ఇక సరిగ్గా మూసుకోదు, మార్చండి. కూర్చోబెట్టాక, పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు ముక్క తగిలించి నోటితో ఊదండి. కార్బురేటర్ మామూలుగా ఉంటే గాలి పోవాలి. తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకి నీడిల్ మూసుకుని గాలి ఆగాలి. పైపుని పీల్చకండి, ఊదడం ఒక్కటే.

నడి సముద్రంలో ఆగితే

ముందు లంగరు వేయండి, లేదా తెడ్డుతో బోటు ముక్కు అలకి ఎదురుగా నిలపండి. తర్వాత గాలి స్క్రూ, ట్యాంకులో పెట్రోల్, పైపు ఎవరి కాలి కిందైనా నలిగిందేమో, రెండు కనెక్టర్లు, బల్బు. అంతే. అక్కడ కార్బురేటర్ విప్పకండి. బల్బు నొక్కుతుంటే నడుస్తోందా, ఒకరు నొక్కుతూ ఉండండి, ఇంకొకరు సగం రేజ్‌లోపే నడుపుతూ ఒడ్డుకి తిప్పండి. బోటులో ఎప్పుడూ ఉండాల్సినవి: రెండు వైపులా కనెక్టర్లతో సిద్ధంగా ఉన్న ఒక పైపు సెట్టు, ప్లగ్గులు, ప్లగ్గు స్పానర్, కటింగ్ ప్లేయర్, నాలుగు ఓ రింగులు, పొడి గుడ్డ.

నిషేధానికి ముందు

ఏప్రిల్ 14న చివరి వేట నుంచి వచ్చాక, ఇంజనుని మంచినీళ్ల డ్రమ్ములో స్లోగా తిప్పండి. తిరుగుతుండగానే పెట్రోల్ పైపు ఊడదీసి, దానంతటది ఆగేదాకా ఉంచండి. గిన్నెలో మిగిలిన చుక్కలు డ్రెయిన్ స్క్రూ విప్పి తీసేయండి. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టి, తేమ లోపలికి పోకుండా మూత, గాలి స్క్రూ రెండూ బిగించండి. బిగించిన వెంటనే ఆ స్క్రూకి ఒక ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. జూన్ 15 చీకట్లో ట్యాంకు ఎత్తినప్పుడు అది మీ చేతికి తగలాలి.